మంచం పక్కన మనిషి

తన పనులు తాను చేసుకోలేని మనిషికి స్నానం, బట్టలు, తిండి, మరుగుదొడ్డి వంటి రోజువారీ అవసరాల్లో నర్సు పర్యవేక్షణ కింద సాయపడే ఉద్యోగి నర్సింగ్ అసిస్టెంట్. అమెరికాలో ఈ ఉద్యోగానికి ముఖ్యమైన నెలవు నర్సింగ్ హోమ్. మన ఊళ్లలో ఆ మాటకు కాన్పులూ ఆపరేషన్లూ చేసే చిన్న ఆస్పత్రి అని అర్థం. అక్కడ మాత్రం వృద్ధులు, దీర్ఘరోగులు నెలలూ ఏళ్లూ ఉండిపోయే చోటు. అలాంటివి ఆ దేశంలో సుమారు 15 వేలున్నాయి. డాక్టరు అప్పుడప్పుడూ వస్తాడు, నర్సు మందుల వేళకు వస్తుంది. రోజంతా మంచం పక్కన మెసిలేది అసిస్టెంటే.

ఈ పనికి చట్టం ఒక రూపమిచ్చింది 1987లో. నర్సింగ్ హోముల్లో సంరక్షణ ఎంత నాసిగా ఉందో 1986లో ఒక జాతీయ నివేదిక బయటపెట్టాక వచ్చిన చట్టమది. దాని ప్రకారం కనీసం 75 గంటల శిక్షణ పొంది, పరీక్ష నెగ్గి, రాష్ట్ర రిజిస్టరులో పేరు నమోదు చేయించుకోవాలి. ఏటా మరో 12 గంటల శిక్షణ ఉంటుంది. కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలు తొలి శిక్షణను 160 గంటలకు పెంచుకున్నాయి. 75 గంటలంటే రెండు వారాలు. మంచానపడిన మనిషిని ఎత్తడం, తినిపించడం, మతి తప్పినవారితో మాట్లాడడం అన్నీ అంతలోనే వస్తాయనుకోవడం అత్యాశే. తెలుగు ఇళ్లలో ఇదే పని చేసేవారిని ఆయా అనో, కేర్‌టేకర్ అనో, నర్సింగ్ చదవకపోయినా హోమ్ నర్స్ అనో పిలుస్తారు. ఇక్కడి నైపుణ్య శిక్షణలో దీనికి దగ్గరి కోర్సు జనరల్ డ్యూటీ అసిస్టెంట్.

పనిలో మొదటి సూత్రం, ఆ మనిషి చేసుకోగలిగింది ఆయన్నే చేసుకోనివ్వడం. గుండీలు అసిస్టెంటే పెట్టేస్తే రెండు నిమిషాలు మిగులుతాయి. కొన్నాళ్లకు ఆ ముసలి వేళ్లు గుండీ పెట్టడమే మరిచిపోతాయి. పక్షవాతం వచ్చినవారికి చొక్కా తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు అదే ఆఖరున.

పనితనం నిజంగా తేలేది పడకపుండ్ల దగ్గర. కదలకుండా పడుకుంటే ఎముక పొడుచుకొచ్చే చోట్ల, అంటే నడుం కింద, తుంటి పక్కన, మడమల దగ్గర, బరువు పడి రక్తం ఆడదు. అందుకే సాధారణంగా రెండు గంటలకోసారి ఒత్తిగిల్చి పడుకోబెడతారు. ఈడిస్తే చర్మం దోక్కుపోతుంది కాబట్టి ఒంటి కింద పరిచిన దుప్పటితో ఇద్దరు కలిసి జరుపుతారు. మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద దిండు పెడతారు. ఎర్రబడినచోట వేలితో నొక్కినా తెల్లబడకపోతే పుండుకు అది తొలి గుర్తు. నల్లని ఒంటి మీద ఆ ఎరుపు కనిపించకపోవచ్చు. చుట్టుపక్కల కంటే వేడిగా, గట్టిగా ఉందేమో చేత్తో తడిమి చూడాలి. స్నానం చేయించే మనిషి చూడకపోతే ఇంకెవరూ చూడరు.

తినిపించడమూ తేలిక కాదు. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న ముద్ద పెట్టి, గుటక పడ్డాకే రెండోది అందించాలి. పొలమారి మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా రావచ్చు. ఎంత తిన్నారో ప్రతిపూటా రాసిపెట్టాలి. నెలలో 5 శాతం బరువు తగ్గితే దాన్ని హెచ్చరికగా లెక్కిస్తారు. నిన్నటిదాకా బాగా మాట్లాడిన అవ్వ ఇవాళ పొంతనలేకుండా మాట్లాడితే దాని వెనక మూత్రంలో ఇన్‌ఫెక్షనో, ఒంట్లో నీరు తగ్గడమో ఉండొచ్చు. రోగమేమిటో తేల్చడం అసిస్టెంటు పని కాదు. వెంటనే నర్సుకు చెప్పడం మాత్రం తప్పనిసరి.

హద్దులూ ఉన్నాయి. ఇంజెక్షను ఇవ్వకూడదు. కొన్ని రాష్ట్రాల్లో ప్రత్యేక శిక్షణ పొందినవారు తప్ప మందులూ ఇవ్వకూడదు. సిబ్బంది సౌకర్యం కోసం ఎవరినీ మంచానికి కట్టేయకూడదు. అలా కట్టేయకుండా ఉండే హక్కును 1987 చట్టం అక్కడుండేవారికిచ్చింది. కొట్టడం, తిట్టడం, దొంగతనం కంటపడితే దాచకూడదు. అలాంటి నేరం రుజువై రిజిస్టరుకెక్కినవారిని మరో నర్సింగ్ హోమ్ పనిలో పెట్టుకోరాదు.

ఇన్ని బాధ్యతలకు చేతులు చాలుతున్నాయా అంటే, చాలడం లేదు. ఆరోగ్యరంగంలో తక్కువ జీతాల ఉద్యోగాల్లో ఇదొకటి. నడుంనొప్పి దానికి తోడు. మానేసేవారెక్కువ. 2024లో ఫెడరల్ ప్రభుత్వం నర్సింగ్ హోములో ఉండే ఒక్కొక్కరికి రోజుకు కనీసం 2.45 గంటల అసిస్టెంట్ సేవ అందాలని నిబంధన పెట్టింది. అంటే 147 నిమిషాలు. రోజుకు 12 సార్లు ఒత్తిగిల్చడానికి ఇద్దరికి ఐదేసి నిమిషాలు పట్టినా 120 నిమిషాలు దానికే సరి. స్నానం, మూడు పూటల తిండి మిగతా 27 నిమిషాల్లో కానివ్వాలి. ఆ నిబంధనను కూడా 2025లో టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టు కొట్టేసింది.