సంపాదకుని మాట: పాత బొమ్మకు కొత్త ముఖము

1959లో న్యూయార్కు బొమ్మల ప్రదర్శనమున తొలిసారి లోకమునకు కన్పించిన బార్బీ, నలుపుతెలుపు చారల ఈతదుస్తులతో, చెవులకు లోహపు పోగులతో వెలసినది. ఆనాటి పోగులే కాలక్రమమున చిలుముపట్టి, చుట్టునున్న వినైలులోనికి పచ్చని మరకను దింపి, నేడు అమెరికాలో పాత బొమ్మలను ఇంటనే బాగుచేసికొనువారికి ప్రథమ శత్రువులై కూర్చున్నవి. మొటిమలకు వాడు బెంజాయిల్ పెరాక్సైడు లేపనమును మరకపై మాత్రమే పట్టించి, ఎండ తగులునట్లు దినముల తరబడి ఉంచినచో పచ్చదనము క్రమముగా విఱుగును. తొందరపడి చెంపలకుఁ గూడ పూసితిమా, అచటి రంగు వెలిసి, కొండనాలుకకు మందువేసిన ఉన్న నాలుక ఊడినట్లగును.

జుట్టు ఊడినచో తలను మెడనుండి విడదీసి, పాత కురులను పెఱికి, ప్రతి రంధ్రమునను సూదితో కొత్త కుచ్చును నాటవలెను. సవరములల్లు మన ముత్తైదువులకు ఈ ఓర్పు క్రొత్తగాదు.

మూలరూపము చెడునని సేకర్తలు కొందఱు ఆక్షేపింతురు. తొలినాటి అరుదైన ప్రతుల విషయమున వారి మాట న్యాయమే. కాని చెత్తబుట్టకు సిద్ధమైన బొమ్మకు అసిటోనుతో పాతరంగు తుడిచి కొత్త కనుబొమలు దిద్దిన దోషమేమి? ఈ సంచికలోని ప్రధాన వ్యాసము ఆ ముఖలేఖనమును గూర్చినదే. అసిటోను గట్టి ప్లాస్టికు మొండెమునకు సోకిన కరగునన్న రచయిత్రి హెచ్చరికను పాఠకులు ముందుగాఁ జదువుదురు గాక.