డెల్టా పట్టణాలలో పచ్చని ఆవరణలు: మహమ్మారి అనంతర కర్తవ్యం

పట్టణ పచ్చదనాన్ని అలంకారంగా మాత్రమే భావించడం మన ప్రణాళికలలో చిరకాలంగా స్థిరపడిన ధోరణి. కోవిడ్-19 మహమ్మారి ఈ ధోరణిలోని లోపాన్ని బయటపెట్టింది. 2020 మార్చి 25 నుంచి అమలైన దేశవ్యాప్త లాక్‌డౌన్‌లో సినిమా హాళ్ల వలెనే ఉద్యానవనాలూ మూతపడ్డాయి. గాలి ఆడని గదులలో కంటే ఆరుబయట వైరస్ వ్యాప్తి చాలా తక్కువని తరువాతి పరిశోధనలు స్పష్టం చేశాయి. ఆరుబయట సంచారాన్ని నిషేధించని నార్వేలో, ఓస్లో నగరవాసుల ఆరుబయటి నడక, వ్యాయామం వంటివి అంతకుముందు మూడేళ్ల సగటు కంటే 291 శాతం పెరిగినట్లు ఒక అధ్యయనం నమోదు చేసింది. అవసరం అక్కడా ఇక్కడా ఒక్కటే, అవకాశంలోనే వ్యత్యాసం.

ఓస్లోను ఆనుకొని అడవులున్నాయి. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమలోని అవనిగడ్డ వంటి చోట్ల అటువంటి వసతి లేదు. కాలువగట్లు, చెరువుగట్లు, విద్యాసంస్థల మైదానాలు, ఇంటి మేడలు, ఇవే ఇక్కడి పచ్చదనానికి ఆధారాలు. ఉద్యానవనాలు తెరిస్తే జనం గుమికూడుతారన్న ఆందోళన సహేతుకమే. అయితే దానికి పరిష్కారాన్ని మహమ్మారి కాలమే చూపింది. రద్దీని తగ్గించేందుకు 2020లో రాష్ట్రంలో రైతు బజార్లను వికేంద్రీకరించి, విద్యాసంస్థల ఆవరణలలోనూ ఖాళీ మైదానాలలోనూ నిర్వహించారు. కూరగాయలకు వర్తించిన ఈ సూత్రం నీడకూ వర్తిస్తుంది. పట్టణానికొక పెద్ద ఉద్యానవనం కంటే, వాడవాడకూ నడచి చేరగల చిన్న పచ్చని ఆవరణలే మేలు.

ఇందులో వ్యవసాయ శాస్త్రానికి ప్రత్యేక బాధ్యత ఉంది. 2020 నాటి లాక్‌డౌన్, 2021 మే 5 నుంచి రాష్ట్రంలో అమలైన కర్ఫ్యూ, రెండూ వేసవిలోనే వచ్చాయి. నీడ అత్యవసరమయ్యేది ఆ కాలంలోనే. కాలువలు కట్టివేసేదీ ఆ కాలంలోనే. తీరప్రాంతపు నల్లరేగడి భూములలో భూగర్భంలోని ఉప్పునీరు వేసవిలో కేశనాళికల ద్వారా పైకి చేరి, లవణాలను ఉపరితలంపై వదులుతుంది. మట్టి విద్యుత్ వాహకత మీటరుకు 4 డెసీసైమన్లు దాటిన పాలచౌడులో సాధారణ అలంకార మొక్కలు నిలవవు. వర్షాకాలంలో నాటిన మొక్క వేసవికి ఎండిపోతే, లోపం మొక్కది కాదు, ఎంపికది.

అందువల్ల నాటడానికి ముందే మట్టినీ నీటినీ పరీక్షించాలి. చౌడును, నీటిముంపును తట్టుకొనే కానుగ, తీరపు ఇసుకనేలలకు తగిన సరుగుడు, పొన్న వంటి జాతులకు ప్రాధాన్యమివ్వాలి. ఎత్తైన దిబ్బలపై నాటి, తొలకరి వానలకు లవణాలు కడిగివేయబడేలా మురుగు కాలువలు తీయాలి. వరిగడ్డి ఆచ్ఛాదనతో తేమను కాపాడాలి. కాలువగట్లపై మాత్రం గట్టు పటిష్ఠతకు, పూడికతీత యంత్రాల రాకపోకలకు అడ్డురాని వరుసలనే ఎంచుకోవాలి. ఈ పరిజ్ఞానం మచిలీపట్నం వ్యవసాయ పరిశోధనా స్థానానికి, ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రానికి కొత్త కాదు. అది పొలం గట్టు దాటి పురపాలక సంఘానికి చేరడమే కొత్త.

ప్రజల భాగస్వామ్యం సాధ్యమేనని దివిసీమ ముఖద్వారంలోని చల్లపల్లి నిరూపించింది. 2014 నుంచి స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తలు వేకువనే రహదారులను శుభ్రపరచి, ఇరువైపులా మొక్కలు పెంచుతున్నారు. ఇటువంటి శ్రమకు శాస్త్రీయ సలహా తోడైతే ఫలితం శాశ్వతమవుతుంది. మండలానికొక చౌడు పటం, వార్డుకొక మొక్కల జాబితా, మిద్దెతోటలపై స్వల్పకాలిక శిక్షణ, ఇవి విస్తరణ కార్యక్రమంలో భాగం కావాలి. విద్యార్థుల గ్రామీణ అనుభవ శిక్షణలో కొన్ని దినాలు పట్టణ వార్డులకు కేటాయించడం ఉచితం.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన తరువాత తీరంలోని సరుగుడు తోటలనూ మడ అడవులనూ ఎవరూ అలంకారంగా చూడలేదు, ప్రాణరక్షణగా గుర్తించారు. పట్టణంలోని చెట్టునీడకూ అదే గుర్తింపు రావాలి. చెట్టు ఎదగడానికి ఏళ్లు పడుతుంది. మహమ్మారి వచ్చాక నాటితే నీడ అందదు.