రాయమంటారు, రాయడం నేర్పరు

డిగ్రీ చివర్లో ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వాలంటే చాలామంది విద్యార్థులు చేసేది ఒకటే. సీనియర్ దగ్గర పాత ఫైలు తీసుకుని, పేరు, హాల్ టికెట్ నంబరు మార్చి, స్పైరల్ బైండింగ్ చేయించడం. ఈమధ్య ఆ పాత ఫైలు స్థానంలోకి చాట్‌జీపీటీ వచ్చింది. దీన్ని బద్ధకమనో మోసమనో తీసిపారేయడం తేలిక. అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. పది పేజీల వ్యాసం చదివి, అందులోని వాదన ఏమిటో సొంత మాటల్లో ఒక పేజీ రాయడం వీళ్లకు ఎవరైనా ఎప్పుడైనా నేర్పారా?

ఇంటర్ దాకా చదువంతా బిట్లు, ముఖ్యమైన ప్రశ్నలు, గైడ్ల చుట్టూ తిరుగుతుంది. డిగ్రీలోనూ పెద్దగా మారేదేమీ లేదు. కారణం మన అనుబంధ కళాశాలల వ్యవస్థలోనే ఉంది. పాఠం చెప్పేది ఒకరు, ప్రశ్నపత్రం తయారుచేసేది మరొకరు, సెమిస్టర్ పరీక్షలో జవాబులు దిద్దేది ఇంకెవరో. విద్యార్థి చేతికి చివరికి అందేది మార్కుల అంకె మాత్రమే. 'ఈ పేరాలో నీ ఆధారం ఏది?', 'ఈ రెండు వాక్యాలకు సంబంధం ఏమిటి?' అని ఎర్రసిరాతో అడిగే చెయ్యి కనబడదు. తప్పెక్కడో తెలియనివాడు దాన్ని దిద్దుకునేదెలా?

ఇన్నాళ్లూ ఈ లోపం ఎలాగోలా నెట్టుకొచ్చింది. ఇకపై కష్టం. జాతీయ విద్యావిధానం 2020కి అనుగుణంగా యూజీసీ 2022 డిసెంబరులో నాలుగేళ్ల డిగ్రీ చట్రాన్ని ప్రకటించింది. దాని ప్రకారం మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు తెచ్చుకున్నవారు నాలుగో ఏట పరిశోధనతో కూడిన ఆనర్స్ ఎంచుకోవచ్చు. అందులో 12 క్రెడిట్ల పరిశోధన ప్రాజెక్టు ఉంటుంది. మూడేళ్లు గైడు చదివి 75 శాతం తెచ్చుకున్న విద్యార్థి, నాలుగో ఏట హఠాత్తుగా పరిశోధకుడు కావాలన్నమాట.

నిబంధనలు లేక కాదు. గ్రంథచౌర్యాన్ని అరికట్టేందుకు యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనలు పోలిక 10 శాతం దాటితే చర్యలు తప్పవంటాయి. థీసిస్‌లో అది 60 శాతం మించితే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. అవే నిబంధనలు విద్యార్థులకు ప్రతి సెమిస్టరూ అవగాహన కల్పించాలని కూడా చెబుతున్నాయి. శాతాలు లెక్కగట్టే పని సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. ఇతరుల ఆలోచనను ఎలా చెప్పాలో, ఎక్కడ పేరు ప్రస్తావించాలో నేర్పే పనికి మాత్రం మనిషి కావాలి.

ఇక్కడ భాష గొడవ ముందుకొస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మీడియంలోకి మారాయి. మరోవైపు, కోర్సు ఇంగ్లీషులో ఉన్నా పరీక్ష స్థానిక భాషలో రాయనివ్వాలని 2023 ఏప్రిల్‌లో యూజీసీ విశ్వవిద్యాలయాలను కోరింది. రెండు వైపులా వాదించేవారు ఒక విషయం మరిచిపోతున్నారు. వాదనను కూర్చడం తెలుగులో రానివారికి అది ఇంగ్లీషులోనూ రాదు. స్పోకెన్ ఇంగ్లీష్ తరగతులు ఇంటర్వ్యూకు ఉపయోగపడవచ్చు, అర్థశాస్త్ర వ్యాసం చదవడానికి సరిపోవు.

దేశంలో ఈ అవసరాన్ని గుర్తించిన చోట్లు లేకపోలేదు. అశోకా విశ్వవిద్యాలయంలో రచనా కేంద్రం ఉంది. జేఎన్‌యూలో భాషలో వెనకబడినవారికి తోడ్పడే విభాగం ఉంది. అయితే మొదటిది ఖరీదైన ప్రైవేటు విశ్వవిద్యాలయం, రెండోది పోటీపడి చేరే కేంద్ర విశ్వవిద్యాలయం. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన విద్యార్థి చేరేది ఊరి దగ్గరి డిగ్రీ కాలేజీలో. సాయం ఎక్కువ కావాల్సింది అక్కడే.

దానికి కొత్త భవనాలు అక్కర్లేదు. అర్థశాస్త్రం అధ్యాపకుడు రైతు రుణమాఫీ మీద రెండు భిన్నాభిప్రాయాల వ్యాసాలు ఇచ్చి, ఎవరి వాదన ఏమిటి, ఆధారాలేమిటి, ఏది వదిలేశారు అని తరగతిలో తెలుగులోనే చర్చించవచ్చు. ఆ తర్వాత ఒక పేజీ ఇంగ్లీషులో రాయించి, వ్యాఖ్యలతో తిరిగిచ్చి, మళ్లీ రాయించవచ్చు. సెమిస్టరుకు ఇలాంటివి రెండు చాలు. అరవై మంది పేజీలు రెండేసి సార్లు దిద్దడం చిన్న పని కాదు. గంటల లెక్కన జీతం తీసుకునే అతిథి అధ్యాపకుల మీద ఆ భారం మోపడం న్యాయమూ కాదు. అందుకే దాన్ని పనిగంటల్లో లెక్కించాలి, ఖాళీలు భర్తీ చేయాలి, ఇంటర్నల్ మార్కుల్లో కొంత ఈ తిరగరాతకు కేటాయించాలి. భాషా సామర్థ్యానికంటూ యూజీసీ చట్రంలో కనీసం 8 క్రెడిట్లు ఇప్పటికే ఉన్నాయి. అవి మరో బట్టీ పేపరుగా మారకుండా చూడటం విశ్వవిద్యాలయాల చేతిలో ఉంది.

ఆ పని చేయకుండా నాలుగో ఏడాదిని మాత్రం తెరిస్తే, మంచి బడిలో చదివి వచ్చినవారు పరిశోధన చేస్తారు. మిగతావారు ఫైలు కొనుక్కుంటారు.