ఆ ఇంటికి మెట్లు లేవు

సైన్సుకి ఆడా మగా తేడా లేదని చెబితే నేనూ చాలాకాలం నమ్మాను. మెదడుకీ వెన్నుపాముకీ దెబ్బ తగిలినవాళ్లు ఎలా కోలుకుంటారన్న పరిశోధనలు చదివాక ఆ నమ్మకం పోయింది.

ఈ పరిశోధనలు చాలావరకు ఎలుకలతో మొదలవుతాయి. 2009లో వచ్చిన పరిశోధనా పత్రాలను అనలీస్ బీరీ, ఇర్వింగ్ జుకర్ లెక్కగట్టారు. నాడీశాస్త్రంలో కేవలం మగ జంతువులతో చేసిన అధ్యయనాలు, కేవలం ఆడ జంతువులతో చేసినవాటికి ఐదున్నర రెట్లు! హార్మోన్లు మారుతూ ఉంటాయి గనక ఆడ శరీరంతో ఫలితాలు తారుమారవుతాయన్నది వారి సాకు.

వెన్నుపాము ప్రయోగాల్లో మాత్రం ఆడ ఎలుకలే ఎక్కువ. సంబరపడకండి. వెన్నుపాము దెబ్బతిన్న ఎలుకకి పొట్ట నొక్కి మూత్రం తీయించాలి. ఆడదానికి మూత్రనాళం పొట్టిది, పని సులువు. తోసేసినా, తెచ్చిపెట్టుకున్నా ప్రయోగశాల సౌకర్యమే ముఖ్యం.

మెదడు దెబ్బ తర్వాత ఆడ ఎలుకలు మెరుగ్గా కోలుకోవడం గమనించి డొనాల్డ్ స్టైన్ ప్రొజెస్టెరాన్ హార్మోను వైపు దృష్టి మళ్లించాడు. 2014లో వెలువడిన రెండు పెద్ద పరీక్షల్లో మనుషులకు దానివల్ల మేలు కనబడలేదు. మందు పనిచెయ్యలేదు, సరే. ఆడ శరీరం ఎలా కోలుకుంటుందన్న ప్రశ్న కూడా దాంతోనే ముగిసిపోయినట్టా?

తలకి దెబ్బలు తగిలేది ఎక్కువగా మగవాళ్లకే కదా అంటారు. ఆస్పత్రి లెక్కల్లో నిజమే. ఆ లెక్క రాసేదెలా? నేను ఒక ఆస్పత్రిలో కలిసినామె మెట్లమీంచి పడ్డానంది. కేస్ షీటులోనూ అదే ఉంది. తర్వాత వాళ్లింటికి వెళ్లాను. ఒంటిగది రేకుల ఇల్లు. మెట్లే లేవు. దెబ్బ తర్వాత ఆమెకి తలనొప్పి, మతిమరుపు. ఇంట్లోవాళ్లు దానికి పెట్టిన పేరు ఒళ్లుబద్ధకం. ఆ పేరుతో మళ్లీ తన్నులు.

ఆమె ఏ పరిశోధనలో ఉంది?

అమెరికాలో జాతీయ ఆరోగ్య సంస్థలు తామిచ్చే నిధులతో చేసే పరిశోధనల్లో స్త్రీపురుష భేదాన్ని లెక్కలోకి తీసుకోవాలని 2016 నుంచి అడుగుతున్నాయి. ఇక్కడ మనమూ అడగాలి. ఫలితాలు స్త్రీలకి విడిగా చూపించాలి. దెబ్బ ఎలా తగిలిందో భర్త, అత్త పక్కన లేకుండా ఆమెనే అడగాలి. 2005 గృహహింస చట్టం కింద నివేదిక రాసే మనమూ తలమీద కొట్టాడా, గొంతు నులిమాడా, స్పృహ తప్పిందా అని అడిగి రాయాలి. మనం రాయని గాయానికి వైద్యం ఎవరు వెతుకుతారు?