కప్పుకూ ఒక కొలత ఉండాలి

చదివేసిన దినపత్రిక తెలుగు ఇళ్లలో అల్మరా అరల్లో పరుచుకుంటుంది, మిరపకాయ బజ్జీల నూనె పీల్చుకుంటుంది, చివరికి పాత పేపర్లు కొనేవాడి త్రాసులో కిలోల లెక్కన తూగుతుంది. అమెరికాలో అదే పాత పేపరు మరో పనికి వస్తోంది. ఇంటి కప్పు కింద చేరి ఎండను అడ్డుకుంటోంది. కాగితాన్ని సన్నగా తురిమి, నిప్పు అంటుకోకుండా, పురుగు పట్టకుండా బోరేట్ లవణాలు కలిపి తయారుచేసే ఆ బూడిదరంగు నూగును సెల్యులోజ్ ఇన్సులేషన్ అంటారు. అందులో ఎనభై శాతానికి పైగా పాత కాగితమే.

హ్యూస్టన్ చుట్టుపక్కల కేటీ, షుగర్‌ల్యాండ్, పియర్‌ల్యాండ్ లాంటి ఊళ్లలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. గల్ఫ్ తీరపు ఉక్కపోత అక్కడ మచిలీపట్నాన్నో కాకినాడనో గుర్తుచేస్తుంది. ఇళ్లు మాత్రం వేరు. కర్ర చట్రం, దాని మీద వాలు కప్పు, ఆ కప్పు మీద తారు కలిసిన షింగిల్స్. గదికి సీలింగుగా ఉండేది జిప్సం బోర్డు. సీలింగుకీ వాలు కప్పుకీ మధ్య మిగిలిన చీకటి ఖాళీయే అటిక్, మన మాటలో అటక లాంటిది. వేసవి మధ్యాహ్నం ఆ ఖాళీలో వేడి 55 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. చాలా ఇళ్లలో ఏసీ చల్లగాలి మోసే గొట్టాలు సాగేది కూడా ఆ కొలిమి లోంచే.

అందుకే కింది హాలు చల్లగా ఉన్నా మేడ మీది గది కుదుటపడదు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఇచ్చింది ఆ గదే అయితే మధ్యాహ్నం కునుకు కోసం వాళ్లు కింది సోఫా మీదికి దిగివస్తారు. కొడుకు ఏసీ మెకానిక్‌కు ఫోన్ చేస్తాడు, మెకానిక్ ఇంకా పెద్ద మెషిన్ పెట్టమంటాడు. మెట్లు దించుకుని అటిక్‌లోకి తొంగిచూడాలని మాత్రం ఎవరికీ తోచదు. చూస్తే పదిహేను, ఇరవై ఏళ్ల కిందట నింపిన నూగు అణిగిపోయి, కొన్నిచోట్ల సీలింగు బోర్డే కనిపిస్తుంటుంది.

దానికి చేసే పని సగం రోజుది. వాకిట్లో ట్రక్కు ఆగుతుంది. ఒకతను నొక్కి కట్టిన సంచులు చింపి, ముద్దలను మెషిన్ తొట్టిలో వేస్తుంటాడు. మెషిన్ వాటిని విడదీసి గాలితో కలిపి పొడవాటి గొట్టంలోకి తోస్తుంది. మాస్కు కట్టుకున్న మరొకతను అటిక్‌లో దూలాల మీద మోకాళ్లతో పాకుతూ, చివరి మూల నుంచి వెనక్కి వస్తూ ఊదుతుంటాడు. మంచు కురిసినట్టు నూగు పడి వైర్ల చుట్టూ, పైపుల చుట్టూ, చేయి దూరని సందుల్లో సర్దుకుంటుంది. పరుపులా పరిచే చాపలకు లేని గుణం అదే. అక్కడి 2012 నాటి భవన నిర్మాణ నియమావళి (కోడ్) ప్రకారం కావలసిన మందం సెల్యులోజ్‌తో అయితే సుమారు 11 అంగుళాలు, ఊదే ఫైబర్‌గ్లాస్‌తో అయితే అంతకంటే మూడు నాలుగు అంగుళాలు ఎక్కువ.

అయితే ఉక్కపోత ప్రాంతంలో ఊదడమొక్కటే చాలదు. అసలు మెళకువ అంతకు ముందుది. సీలింగులో లైట్ల కోసం చేసిన రంధ్రాలు, వైర్లు దిగే కన్నాలు, గోడలు సీలింగును తాకే సందులు ముందు మూయాలి. లేకపోతే వేడి, తేమ కలిసిన గాలి నూగు లోంచే ఇంట్లోకి జారుతుంది. నూగు వేడిని నిలువరిస్తుంది గానీ గాలిని పూర్తిగా ఆపలేదు. చలి దేశాల అలవాటు కొద్దీ సీలింగు మీద ప్లాస్టిక్ షీటు పరిచేవాళ్లూ ఉంటారు. హ్యూస్టన్‌లో తేమ వచ్చేది బయటి నుంచి. అది ఏసీతో చల్లబడ్డ షీటును తాకి, చల్లని మజ్జిగ గ్లాసు మీద పట్టినట్టు, నీటి చుక్కలవుతుంది. అదే చెమట నూగులో కప్పబడిపోయిన ఏసీ గొట్టాలకూ పడుతుంది. ఇలాంటి తేమ ప్రాంతాల్లో నూగు కింద పూడ్చే చల్లగాలి గొట్టాలకు మామూలు కంటే మందమైన తొడుగు ఉండాలని అక్కడి కోడ్ 2018 నుంచి చెబుతోంది కూడా.

ఏసీ చేసే పనులు రెండు. గాలిని చల్లబరచడం, అందులోని నీటిని పిండటం. మరీ పెద్ద మెషిన్ గదిని నిమిషాల్లో చల్లబరిచి ఆగిపోతుంది, నీరు పిండే వ్యవధి దానికి ఉండదు. చర్మానికి చల్లగా, మనసుకు చిరాగ్గా ఉండే గది అలాగే తయారవుతుంది. కప్పు సరిచేసుకున్నాక అంతకు సరిపడే ఏసీని ఎంచుకోవాలి తప్ప, ఏసీని పెంచుకుంటూ కప్పును వదిలేయకూడదు. గాలి సందులు మూసి, అటిక్‌లోనూ నేల అడుగునా ఇన్సులేషన్ చేస్తే వేడి, చల్లదనాలకయ్యే ఖర్చులో సగటున 15 శాతం మిగులుతుందని అమెరికా ప్రభుత్వ ఎనర్జీ స్టార్ పథకం అంచనా. ఏడాదికి 1,200 డాలర్ల దాకా దక్కిన 30 శాతం పన్ను రాయితీ 2025 డిసెంబరు 31తో ముగిసిపోయింది. అయినా అక్కడి తెలుగు ఇళ్లకు ఇది చేయించుకోదగ్గ పనే.

ఇక్కడిదాకా ఇది అమెరికా ముచ్చటే. అందులోంచి తెలుగు రాష్ట్రాలు నేర్చుకోవలసింది ఆ నూగు గురించి కాదు, దాని చుట్టూ కట్టిన జవాబుదారీ గురించి.

1970ల ఇంధన సంక్షోభంలో అమెరికన్లు ఇన్సులేషన్ కోసం ఎగబడ్డారు. సరిగ్గా మందు కలపని సెల్యులోజ్ నిప్పంటుకునే ప్రమాదం తెలిసి 1978లో అక్కడి కాంగ్రెస్ దాని మీద ప్రత్యేకంగా చట్టం చేసింది. మరుసటి ఏడాది ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆర్-వాల్యూ రూల్ తెచ్చింది. వేడిని ఎంత బలంగా నిలువరిస్తుందో చెప్పే అంకె ఆర్-వాల్యూ. తయారీదారు ఆ అంకెను పరీక్షించి సంచి మీద ముద్రించాలి. ఎంత వైశాల్యానికి ఎన్ని సంచులు పట్టాలో, అణిగిపోయాక ఎంత మందం మిగలాలో కూడా అక్కడే ఉండాలి. హ్యూస్టన్ ఉన్న వాతావరణ మండలానికి 2012 నాటి కోడ్ ఆర్-38 అడిగింది, 2021 నాటిది ఆర్-49 అడిగింది.

అంకె పుస్తకంలో ఉంటే సరిపోదని కూడా ఆ కోడ్‌కు తెలుసు. ఊది నింపిన అటిక్‌లో ప్రతి 300 చదరపు అడుగులకూ ఒక కొలబద్ద దూలానికి కొట్టాలి. దాని మీది అంకెల ఎత్తు అంగుళానికి తగ్గకూడదు, అవి అటిక్ ద్వారం వైపే తిరిగి ఉండాలి. నిచ్చెన ఎక్కి టార్చి వేసిన గృహిణికైనా నూగు ఏ గీత దగ్గర ఉందో తెలిసిపోతుంది. పని చేసినవాడు ఎన్ని సంచులు వాడాడో రాసి సంతకం పెట్టాలి. కప్పుకు, గోడలకు ఎంత ఆర్-వాల్యూ ఉందో చెప్పే కాగితం ఇంట్లోనే, కరెంటు ప్యానెల్ దగ్గరో అలాంటి చోటో శాశ్వతంగా అతికించి ఉండాలి.

ఇక మన ఇళ్ల సంగతి. మే నెలలో పై అంతస్తులో అద్దెకున్న ఏ కుటుంబాన్ని అడిగినా చెబుతుంది. పొద్దు గుంకగానే డాబా మీద బకెట్లతో నీళ్లు పోస్తే ఆవిరి లేస్తుంది, గచ్చు క్షణాల్లో ఆరిపోతుంది. రాత్రి పదింటికి ఫ్యాను వేస్తే పైనుంచి దిగేది వేడిగాలే. పగలంతా శ్లాబు తాగిన ఎండను రాత్రంతా గదిలోకి వదులుతుంది. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడగాడ్పులు వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీశాయి. పగటి ఎండకు ఓడిన ఒంటికి రాత్రి గదిలోనైనా చల్లదనం దొరకాలి. పై అంతస్తులో అదే దొరకడం లేదు.

పాతవాళ్లకు ఈ సంగతి తెలుసు. రాయలసీమ మట్టి మిద్దెలో దూలాల మీద దంతెలు, వాటి మీద కంప, ఆపైన మందంగా మట్టి, చివర వాన దిగకుండా చౌడు. తాటాకు ఇంటి కప్పు మందమూ ఇన్సులేషనే. కాంక్రీటు శ్లాబు వచ్చి వాన బెడద తీర్చింది, గట్టిదనం ఇచ్చింది. కప్పు మందంలోని చలవను మాత్రం తీసుకుపోయింది. దాని స్థానంలో ఏమీ పెట్టకపోవడమే మనం చేసిన తప్పు.

పరిష్కారాలు కొత్తవేమీ కావు. లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు హైదరాబాద్ భవనాల మీద కొలిచి 2012లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, నల్లని కప్పును తెల్లబరిస్తే చల్లదనానికి వాడే కరెంటు 14 నుంచి 26 శాతం తగ్గింది. ఉత్త కాంక్రీటు కప్పును తెల్లబరిచినా 10 నుంచి 19 శాతం తగ్గింది. 2017లో హైదరాబాద్‌లోనే 25 పేద ఇళ్ల మీద తెల్లని పొర పరిచి చూస్తే లోపలి వేడి సగటున 2 డిగ్రీలు దిగింది. ఆ అనుభవంతోనే తెలంగాణ 2023 ఏప్రిల్‌లో దేశంలోనే తొలిసారిగా కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల చల్లని కప్పులు లక్ష్యం, అందులో 200 హైదరాబాద్‌లో. ఇది మెచ్చుకోదగిన అడుగు.

కానీ ఇళ్ల విషయంలో ఆ నిబంధన తప్పనిసరి అయ్యేది 600 గజాలు, అంతకు మించిన స్థలాలకే. కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత కూడా 500 చదరపు మీటర్ల స్థలం నుంచే మొదలవుతుంది, అదీ దాదాపు 600 గజాలే. నూటయాభై గజాల్లో మూడంతస్తులు లేపిన ఇల్లు, దాని పై వాటాలో అద్దెకున్న కుటుంబం ఈ రెండు లెక్కల్లోనూ లేవు. ఆ సంహిత కప్పుకు పెట్టిన హద్దు కూడా గొంతెమ్మ కోరిక కాదు. అమెరికా కొలతలోకి మారిస్తే ఆర్-5కు కాస్త తక్కువే. మామూలు శ్లాబు అదైనా అందుకోలేదు, హద్దుకు రెండున్నర రెట్ల పైనే వేడిని కిందికి దింపుతుంది.

డాబా మనకు మరో గది, వడియాలు పెట్టాలి, బట్టలారేయాలి, అక్కడ పరుపులాంటివి పరిస్తే ఎలా అని అడిగేవారు ఉన్నారు. న్యాయమైన ప్రశ్నే. శ్లాబు మీద గట్టి ఫోమ్ పలకలు, వాటి మీద వాటర్‌ప్రూఫింగ్, ఆపైన తెల్లని టైల్స్ వేస్తే నడవనూ వచ్చు, వడియాలూ పెట్టొచ్చు. అంత స్థోమత లేని ఇంటికి తెల్లని పూత ఉంది. దుమ్ము, పాచి పట్టి తెలుపు మాసిపోతుంది గనుక ఏటా కడగాలి, కొన్నేళ్లకోసారి మళ్లీ పూయాలి. పాలసీ విడుదల నాడు చెప్పిన లెక్క చదరపు మీటరుకు సుమారు 300 రూపాయలు. తెలంగాణలో 500 చదరపు అడుగుల ఇందిరమ్మ ఇంటికి అది దాదాపు 14 వేలు. ప్రభుత్వం ఇచ్చే 5 లక్షల్లో మూడు శాతం కూడా కాదు. ఆ ఇళ్ల అంచనాల్లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో కాంక్రీటు గోడలతో నిలబెట్టిన టిడ్కో సముదాయాల నిర్వహణలోనూ ఈ ఖర్చు ఒక పద్దుగా చేరాలి.

ఏసీ కొనేటప్పుడు దుకాణంలో ఎన్ని స్టార్లని అడగడం అందరికీ అలవాటైంది. లేబుల్ తప్పనిసరి చేశారు కనుకే ఆ అలవాటు వచ్చింది. ఇళ్లకూ 2019లో స్టార్ లేబుల్ పథకం తెచ్చారు గానీ అది ఇష్టమున్నవారికే. అందుకే లక్షలు పోసి పై అంతస్తు ఫ్లాటు కొనేవాడు వాస్తు అడుగుతాడు, మంజీరా నీళ్లు అడుగుతాడు, పార్కింగ్ అడుగుతాడు. కప్పు సంగతి అడిగినా బిల్డర్ చూపించడానికి కాగితమేదీ లేదు.

ఆ కాగితాన్ని రెండు ప్రభుత్వాలూ తప్పనిసరి చేయాలి. స్థలం ఎన్ని గజాలైనా సరే, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌తో పాటు ఒక పేజీ. శ్లాబు మీద ఏ పొరలు వేశారు, ఎంత మందం, పై పొర ఎండను ఎంత తిప్పికొడుతుంది, ఎప్పుడు కడగాలి, ఎప్పుడు మళ్లీ పూయాలి, వేసినవారి సంతకం. దాని నకలు మెట్ల దగ్గర కరెంటు మీటర్ల పక్కన అద్దం బిగించి పెట్టాలి, ఇల్లు చూడటానికి వచ్చిన అద్దెదారు అడ్వాన్సు ఇచ్చేముందు చదువుకునేలా.