చిమ్నీ ఎవరిది?

ఈసారి నా మాట "చిమ్నీ". ఇది ఇంగ్లీషు మాటే కదా అంటారు. కాన్వెంటులో చదివిన నాకు కూడా ఈ మాట ముందు తెలుగులోనే తెలుసు. మా ఇంట్లో చిమ్నీ అంటే లాంతరు గాజు. సాయంత్రం దీపం పెట్టేముందు అమ్మ దాన్ని బూడిదతో తోమి, పొడి గుడ్డతో తుడిచేది. ఇప్పుడు చిమ్నీ అంటే పొయ్యి పైన వేలాడే స్టీలు డబ్బా. తుడిచే అలవాటు మాత్రం లాంతరుతోపాటే పోయింది.

ఈ వారం కొంచెం కోపంగా రాస్తున్నాను. ఎక్కువ కోపం నామీదే.

రుమైథియాలో మేం పూజకి కలిసేది ఒక అద్దె విల్లాలో. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు, వంటగది మాత్రం పెద్దది. ప్రసాదం వంట మా నలుగురిదీ. మొన్న దసరాకి గారెలు వేస్తుంటే చిమ్నీ ఫిల్టర్ నుంచి ఒక జిడ్డు చుక్క మంటలో పడింది. భగ్గుమని మంట లేచి ఫిల్టర్‌ని అంటుకుంది. ఫ్యాన్ ఆ మంటని పైకి లాగుతోంది. నేను ఫ్యాన్ ఆపి గ్యాస్ కట్టేశాను. ఒకాయన నీళ్ల బిందె ఎత్తారు. "వద్దు బాబూ!" అని అరిచాను. కాగిన నూనె మీద నీళ్లు పడితే మంట గది అంతా ఎగజిమ్ముతుంది. బాణలికి మూత వేశాం. గోడకున్న మంటలార్పే సిలిండర్‌తో పైన ఆర్పాం. ఎవరికీ ఏమీ కాలేదు.

మర్నాడు గొట్టం విప్పాం. అది మడతలు మడతలుగా ఉండే అల్యూమినియం గొట్టం. ప్రతి మడతలోనూ జిడ్డు ముదురు పాకంలా గట్టిపడి ఉంది. గోడ బయట చివర పావురం గూడు. మూత రెక్క ఉప్పుగాలికి తుప్పుపట్టి కదలడమే మానేసింది. అంటే చాలాకాలంగా మా పొగ బయటికి పోవడమే లేదు.

మరి ఎవరూ ఎందుకు చూడలేదు? "ఇల్లు మనది కాదు కదా!" మూడేళ్లుగా నేనూ ఇదే అన్నాను. "హారిస్‌కి చెప్పండి, ఓనరు చూసుకోవాలి."

నిజమే, ఇక్కడ మనలాంటివాళ్లం మామూలుగా ఇల్లు కొనలేం. గోడకి రంధ్రం కొట్టించడం, డాబా మీద గొట్టం మార్చడం ఓనరు పనే, గట్టిగా అడగాలి కూడా. కానీ ఆ జిడ్డు ఓనరుది కాదు. అది మన తిరగమోతది, మన అప్పడాలది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ కోసం గోడలకి రంగు వేయిస్తాం. నెత్తిమీద నూనె చుక్కలు కారుతున్నా చూడం.

బందరులో మా అమ్మమ్మగారి వంటింటికి పెంకుల మధ్య పొగ పోవడానికి ఒక గూడు ఉండేది. సంక్రాంతికి ముందు పొడుగు కర్రకి చీపురు కట్టి ఆ మసి దులిపేవారు. అది కూడా అద్దె ఇల్లే. ఈ సంగతి నాకు ఈమధ్యే తెలిసింది.

ఇంకో మోసం చెప్పాలి. గొట్టం లేని చిమ్నీలు కొంటున్నారు. బొగ్గు ఫిల్టర్ ఉంది, గోడ పగలగొట్టక్కర్లేదు అని అమ్ముతారు. అది వాసన కొంచెం పీలుస్తుంది, జిడ్డు కొంచెం పడుతుంది. గ్యాస్ మండితే వచ్చే ఆవిరి, కార్బన్ మోనాక్సైడ్ మళ్లీ మన ముఖం మీదకే వస్తాయి. వేసవిలో ఏసీ కోసం కిటికీలన్నీ మూసి ఉంచే ఊరిలో అలాంటి డబ్బాని చిమ్నీ అనడం నాకు ఒప్పదు.

గొట్టం ఉన్నవాళ్లు కూడా ఒకటి గమనించండి. లోపలికి గాలి రాకపోతే బయటికి గాలి పోదు. ఫ్యాన్ వేస్తే బాత్రూమ్ కాలువ వాసన వస్తోందా? గాలి అక్కడినుంచి లాగుతోందన్నమాట. వంటప్పుడు ఒక కిటికీ నాలుగు వేళ్లంత తెరవండి.

చలికాలం రాగానే కొందరు గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులు మూస్తారు. దయచేసి వద్దు. బొగ్గు ఎర్రగా కాలి పొగ రాకపోయినా మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం పోతుంది.

2024 జూన్ 12న మంగాఫ్‌లో జరిగింది మరిచిపోయారా? అది వంటగది మంట కాదు, కరెంటు వల్ల అన్నారు. అయినా నలభై మందికి పైగా భారతీయులు పోయారు. చాలామందిని చంపింది మంట కాదు, పొగ. పొగకి దారి లేకపోతే ఏమవుతుందో మనకి ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

ఫిల్టర్ కడగడానికి అరగంట చాలు. వేడినీళ్లలో గిన్నెల సబ్బు వేసి నానబెట్టండి. అల్యూమినియం జాలీ అయితే వాషింగ్ సోడా వద్దు, నల్లబడుతుంది. పూర్తిగా ఆరాక పెట్టండి. కాగితం ముక్క ఫిల్టర్‌కి అంటుకుంటే బాగా లాగుతోందని సంబరపడకండి. ఒకరిని బయట నిలబెట్టి, మూత రెక్క లేస్తోందో లేదో చూడమనండి.

వచ్చే శుక్రవారం భజన అయ్యాక మన వంటగది గొట్టం మళ్లీ విప్పుతున్నాం. నిచ్చెన ఉంది. పాత గుడ్డలు, చేతి తొడుగులు మీరే తెచ్చుకోండి. ఓనరుకి ఉత్తరం కూడా రాశాం, అరబీలో రాయించాం. ఆయన జవాబు వచ్చేదాకా ఆగం.