పెంపుడు కుక్కకు జబ్బు చేస్తే జేబు ఖాళీయేనా..? తక్కువ ఖర్చులో వైద్యం ఎక్కడ దొరుకుతుంది?

కుక్కపిల్ల పొద్దున్నుంచి ఏమీ తినలేదు. సాయంత్రానికి వాంతులు, రాత్రికి రక్తంతో విరేచనాలు.. టీకాలు పూర్తికాని పిల్లల్లో ఇవి కనిపిస్తే డాక్టర్లు ముందు అనుమానించేది పార్వో వైరస్‌నే. ఒక్క ఇంజెక్షన్‌తో తగ్గే జబ్బు కాదిది. ఒంట్లో నీరు తగ్గకుండా రోజుల తరబడి సెలైన్ ఎక్కించాలి, వాంతులు ఆపాలి, ఇన్ఫెక్షన్ ముదరకుండా యాంటీబయోటిక్స్ ఇవ్వాలి. ప్రైవేట్ క్లినిక్‌లో బిల్లు పెరిగేది ఇక్కడే.. రోజుకో లెక్క.

మరి సర్కారు వైద్యం లేదా? ఉంది. కానీ ఎవరి కోసం పెట్టారన్నదే అసలు పాయింట్. 1962కి ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలనే తీసుకోండి. తెలంగాణలో 2017లో, ఏపీలో 2022లో ఇవి రోడ్డెక్కాయి. కేంద్ర పథకంలో అయితే లక్ష పశువులకు ఒక బండి అని లెక్క. అంటే ఆవులు, గేదెలు, గొర్రెలు, మేకలు. రైతుకు అది ప్రాణాధారం, తప్పు పట్టడానికేం లేదు. కాకపోతే అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో మూలుగుతున్న పిల్లిని దృష్టిలో పెట్టుకుని వేసిన ప్లాన్ కాదది. ఊళ్లోని పశువుల ఆస్పత్రిలోనూ అంతే.. టీకా, చిన్నాచితకా వైద్యం దొరుకుతుంది, ఎక్స్‌రే, స్కానింగ్ అంటే కష్టం.

పెట్స్‌కి నిజంగా పనికొచ్చే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. హైదరాబాద్‌లో నారాయణగూడ ప్రభుత్వ వెటర్నరీ సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ. ఏపీలో తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీలు. కాలేజీ ఆస్పత్రుల్లో విద్యార్థులు చుట్టూ నిలబడి చూస్తుంటే కొందరు కంగారు పడతారు కానీ, వాళ్ల వెనక ఉండేది ప్రొఫెసర్లే. ఓపీ టైమ్ మాత్రం ముందే కనుక్కోండి, అర్ధరాత్రి వెళ్తే గేటు మూసి ఉండొచ్చు.

అందుకే రాత్రి ఎమర్జెన్సీ అయితే దగ్గర్లోని ప్రైవేట్ క్లినిక్‌కే వెళ్లడం మంచిది. ఖర్చు చూసుకుని తెల్లారేదాకా ఆగితే పార్వో ఆగదు. అక్కడ "మా దగ్గర ఇంతే ఉంది సార్" అని మొదటే చెప్పేయండి, ఇందులో సిగ్గుపడాల్సింది లేదు. ఏ టెస్ట్ ఇప్పుడే అవసరం, ఏది ఆగొచ్చు అన్నది డాక్టర్ తేలుస్తారు. కేస్ షీట్, రిపోర్టులు చేతిలో పెట్టుకుంటే, డాక్టర్ సరే అన్నాక మిగతా చికిత్స ప్రభుత్వ ఆస్పత్రిలో కొనసాగించొచ్చు.. అవే టెస్టులకు మళ్లీ డబ్బు కట్టే పని తగ్గుతుంది.

మెడికల్ షాపు వైద్యం మాత్రం వద్దు. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ పిల్లి ప్రాణం తీయగలదు.

అసలు పార్వో టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, పదహారు వారాలు నిండే దాకా మూడు నాలుగు వారాలకోసారి వేయించాలి. చాలామంది ఒక డోస్‌తో ఆపేస్తున్నారు.

ఇంకో మాట.. వెటర్నరీ క్లినిక్‌లో చేసే చికిత్సకు జీఎస్టీ మినహాయింపు ఉంది. మందులు, గ్రూమింగ్ లెక్క వేరు. బిల్లులో డాక్టర్ ఫీజు మీద పన్ను కనిపిస్తే ఎందుకని అడగండి.